జవాను పక్కన నడిచి చూడండి

మన మధ్యే ఉంటున్న మాజీ సైనికుల నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వారికి మనం చేయాల్సిందీ కొంత ఉంది. రెండింటికీ దూర నడక మంచి దారి.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో ఏ ఐటీ భవనం ముందైనా ఒక్క నిమిషం ఆగి చూడండి. కార్ల అడుగున అద్దం పెట్టి చూసేవారు, ఐడీ కార్డు చూసి లోపలికి పంపేవారు చాలామంది కనిపిస్తారు. వారిలో కొందరు నిలబడే తీరే వేరు. వెన్ను నిటారుగా ఉంటుంది. బూట్లు మెరుస్తుంటాయి. చూపు మన ముఖం మీద ఉన్నట్టే ఉంటుంది కానీ, చుట్టుపక్కల కదిలే ప్రతిదాన్నీ గమనిస్తుంటుంది. అలాంటి వారిలో ఎక్కువమంది మాజీ సైనికులే.

మన సైన్యంలో జవాన్లు, హవల్దార్లు చాలావరకు నలభై ఏళ్లకు అటూ ఇటూగా రిటైరైపోతారు. పిల్లలు అప్పటికి హైస్కూల్లోనో ఇంటర్‌లోనో ఉంటారు. పింఛను ఒక్కటే చాలదు. అందుకే రెండో ఉద్యోగం వెతుక్కుంటూ నగరాలకు వస్తారు. రక్షణ శాఖ పునరావాస విభాగం కూడా మాజీ సైనికుల సెక్యూరిటీ ఏజెన్సీలను సిఫార్సు చేస్తుంటుంది. శ్రీకాకుళం నుంచి, ప్రకాశం నుంచి, ఇంటికొకరు సైన్యంలో ఉంటారని పేరుపడ్డ తాడేపల్లిగూడెం దగ్గరి ‘మిలిటరీ మాధవరం’ లాంటి ఊళ్ల నుంచి సైన్యంలో చేరినవారు ఎందరో ఉన్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో చేరినవారిలో సైన్యంలో కొనసాగేది పావు వంతు మంది దాకానే. మిగతావారు నాలుగేళ్లకే బయటికి వస్తారు. అంటే మన మధ్య మాజీ సైనికులు ఇంకా పెరుగుతారు, వారి వయసు ఇంకా తగ్గుతుంది.

వీళ్ల ఆరోగ్యం గురించి నాకు ఆసుపత్రి ఓపీలో తెలిసింది తక్కువ. రోడ్డు మీద నడుస్తూ తెలుసుకున్నదే ఎక్కువ.

పన్నెండు కిలోమీటర్ల పరిచయం

కొన్నేళ్లుగా ఆదివారం ఉదయం కొందరం కలిసి దూరం నడుస్తున్నాం. జూబ్లీహిల్స్ రోడ్డు నంబరు 45 వైపు మొదలుపెట్టి, దుర్గం చెరువు తీగల వంతెన దాటి, సైబర్ టవర్స్ మీదుగా కొత్తగూడ, అక్కడి నుంచి కొండాపూర్ బొటానికల్ గార్డెన్. లోపల ఒక చుట్టు తిరిగి మళ్లీ వెనక్కి. పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, బ్యాంకు వాళ్లు, ఇద్దరు టీచర్లు, రిటైరైన దంపతులు వస్తుంటారు. వారితో పాటే నలుగురైదుగురు మాజీ సైనికులు కూడా. ఒకరు ఈఎంఈలో సుబేదార్‌గా చేసి కొండాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నాయన. ఇంకొకరు నౌకాదళం నుంచి వచ్చారు. మరొకాయన ఫిరంగి దళంలో హవల్దార్‌గా చేసి, ఇప్పుడు ఓ ఐటీ ప్రాంగణంలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా ఉన్నారు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా. ఆయన అనుమతితోనే, ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆయన నడక చూడముచ్చటగా ఉంటుంది. మొదటి కిలోమీటరు ఏ వేగమో పన్నెండో కిలోమీటరూ అదే వేగం. ఒక ఆదివారం మా బృందంలోని కుర్రాడొకడు ఆయన్ను పరిశీలనగా చూసి, “అన్నా, మీరు మా బ్లాక్ గేటు దగ్గర ఉంటారు కదూ?” అన్నాడు. “అవును సార్. మీ కార్డు మీద ఫొటోలో గడ్డం లేదు, ఇప్పుడుంది” అన్నారాయన నవ్వుతూ. రెండేళ్లుగా రోజూ ఒకే గేటు దగ్గర ఎదురుపడుతున్నవాళ్లు ఒకరి పేరు ఒకరు తెలుసుకున్నది ఆ రోజే.

1999లో కార్గిల్ యుద్ధం నాటికి ఆయనకు ఇరవై ఏళ్లు. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళాలు రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు ప్రయోగించాయి. 527 మంది మన సైనికులు ప్రాణాలర్పించారు. ఆ సంగతులేవీ ఆయన తనంతట తాను చెప్పలేదు. చాలా వారాల తర్వాత, గార్డెన్‌లో చెట్ల కింద నడుస్తుండగా, “చెవిలో కీచురాళ్ల మోత ఆగదు డాక్టర్ గారూ. అప్పటి నుంచీ అంతే” అన్నారు. నిద్ర ఎలా పడుతోందని అడిగాను. “ఏటి నిద్ర! అందుకే కదా నైట్ డ్యూటీ అడిగి ఏయించుకుంతాను. రాత్రిపూట మేలుకునుంటే ఎవులూ ఏటీ అడగరు.”

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నైట్ డ్యూటీ వల్లే ఆయనకు నిద్ర పాడైందని ఇంట్లో వాళ్ల నమ్మకం. నిజానికి నిద్ర పట్టడం లేదన్న సంగతి దాచుకోవడానికే ఆయన నైట్ డ్యూటీ ఎంచుకున్నారు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడుతున్నా అదుపులో లేదు. నెలనెలా బీపీ చూపించుకుంటున్నారు కానీ, రెండు గంటలకు మించి నిద్రపోవడం లేదని ఒక్క వైద్యుడికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

సర్వీసులో లేనిది ఇప్పుడెందుకు?

‘సైన్యంలో ఉన్నప్పుడు బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చాకే ఇలా తయారయ్యాడు’ అని కుటుంబ సభ్యులు అంటుంటారు. ఇందులో వింతేమీ లేదు. యూనిట్‌లో రోజుకో పద్ధతి ఉంటుంది. తెల్లవారకముందే పీటీ, వేళకు భోజనం, చుట్టూ అవే అనుభవాలున్న మనుషులు. మనసులోని అలజడిని ఆ క్రమశిక్షణే అదుపులో ఉంచుతుంది. రిటైరయ్యాక అదంతా ఒక్కసారిగా పోతుంది. అద్దె ఇల్లు, పిల్లల ఫీజులు, పన్నెండు గంటల డ్యూటీ మిగులుతాయి. పాత జ్ఞాపకాలు పైకి లేచేది అప్పుడే.

ప్రాణాపాయం ఎదుర్కొన్నవారిలో, తోటివారి మరణం కళ్లారా చూసినవారిలో కొందరికి ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అనే సమస్య వస్తుంది. పొట్టిగా పీటీఎస్‌డీ అంటాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని ‘షెల్ షాక్’ అన్నారు. కొందరు పిరికితనమని ముద్ర కూడా వేశారు. ఇప్పటి పేరుతో ఇది వైద్య వర్గీకరణలోకి వచ్చింది 1980లో. తేలిగ్గా చెప్పాలంటే, ఇది ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరించే మెదడు గంట ఆగకపోవడం. యుద్ధభూమిలో ప్రాణం కాపాడిన గంటే అది. ప్రమాదం దాటిపోయి ఏళ్లు గడిచినా మోగుతూనే ఉంటుంది. సంఘటన జరిగిన వెంటనే కాకుండా నెలలు, ఏళ్ల తర్వాత లక్షణాలు పూర్తిగా బయటపడటం కూడా ఉంటుంది.

ఒక్క విషయం మాత్రం మరచిపోవద్దు. మాజీ సైనికుల్లో ఎక్కువమందికి ఈ సమస్య ఉండదు. సినిమాల్లో చూపినట్టు ప్రతి జవానూ లోపల కుమిలిపోతూ ఉండడు. మా బృందంలోని సుబేదార్ గారు హాయిగా నిద్రపోతారు, గట్టిగా నవ్వుతారు. ఆయన బాధల్లా మోకాళ్ల నొప్పులే. ఇది సైనికులకే పరిమితమైన జబ్బూ కాదు. ఘోర రోడ్డు ప్రమాదం, లైంగిక దాడి, ఐసీయూలో మృత్యువుతో పోరాటం... వీటిలో దేని తర్వాతైనా ఎవరికైనా రావచ్చు.

యుద్ధాన్ని నడిచి దించుకున్న మనిషి

నడకకూ మాజీ సైనికులకూ ఉన్న బంధం కొత్తది కాదు. అమెరికాలో తూర్పు కొండల వెంట జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా దాదాపు 3,500 కిలోమీటర్ల అప్పలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట ఉంది. దాన్ని ఒకే విడతలో మొదటి నుంచి చివరి దాకా నడిచినట్టు నమోదైన తొలి వ్యక్తి ఎర్ల్ షాఫర్. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి వచ్చిన సైనికుడు. చిన్ననాటి స్నేహితుణ్ని ఆ యుద్ధంలోనే ఐవో జిమా దగ్గర పోగొట్టుకున్నాడు. ఒంట్లోంచి సైన్యాన్ని నడిచి వదిలించుకోవాలన్న ఉద్దేశంతో 1948లో బయలుదేరి, నాలుగు నెలల్లో గమ్యం చేరాడు. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1998లో, 79 ఏళ్ల వయసులో అదే దారి మళ్లీ నడిచాడు. 2012లో షాన్ గోబిన్ అనే అమెరికన్ మెరైన్ అఫ్గానిస్తాన్ నుంచి వచ్చి ఇదే దారిలో నడిచాడు. ఆ తర్వాత తోటి మాజీ సైనికులను దూర నడకలకు తీసుకెళ్లే సంస్థ స్థాపించాడు.

మనకూ దూర నడక కొత్తేమీ కాదు. మనసులో బరువున్నప్పుడు మొక్కుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లం మనం. దారి పొడవునా ముక్కూమొహం తెలియనివారితో కష్టసుఖాలు చెప్పుకోవడం ఆ నడకలో మామూలే.

నడకలో ఏం జరుగుతుంది?

ఒకటి, మాట తేలికవుతుంది. ఎదురెదురుగా కూర్చుని ‘నీ బాధేంటో చెప్పు’ అంటే నోరు పెగలదు. పక్కపక్కన నడుస్తుంటే కళ్లలో కళ్లు పెట్టి చూడక్కర్లేదు. మధ్యలో మౌనంగా ఉన్నా ఇబ్బంది అనిపించదు. హవల్దార్ గారు చెవుల సంగతి నాతో చెప్పింది మా తొమ్మిదో ఆదివారమో, పదో ఆదివారమో!

రెండు, శరీరానికి అలసట, మనసుకు ఒక క్రమం దొరుకుతాయి. ఉదయపు ఎండ తగలడం వల్ల మెదడులోని నిద్ర గడియారం సర్దుకుంటుంది. క్రమం తప్పని వేగపు నడక, అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకెను సుమారు 5 నుంచి 8 పాయింట్లు తగ్గించగలదు. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడుతుంది. కుంగుబాటు, ఆందోళన కొంత తగ్గుతాయి.

మూడు, జట్టు దొరుకుతుంది. ఆదివారం రాకపోతే ఫోన్ చేసి అడిగేవారు నలుగురు ఉండటం చిన్న విషయం కాదు. సైన్యం వదిలాక చాలామంది కోల్పోయేది సరిగ్గా దీన్నే.

అలాగని నడకే మందు అనుకోవద్దు. పీటీఎస్‌డీకి ప్రత్యేకమైన మానసిక చికిత్సలున్నాయి. ఆ జ్ఞాపకాలను భద్రమైన పద్ధతిలో ఎదుర్కోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ వాటిలో ముఖ్యమైనది. అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు ఇస్తారు. వీటి ప్రభావం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇవి మత్తుమందులు కావు, వ్యసనంగా మారవు. అయితే వైద్యుడికి చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. నడక ఈ చికిత్సకు తోడు. చికిత్స దాకా తీసుకెళ్లే దారి కూడా.

హవల్దార్ గారిని ఒప్పించడానికి మూడు నెలలు పట్టింది. ‘సైకియాట్రిస్టు’ అనగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “నన్ను ఎర్రగడ్డకి పంపుతారా?” హైదరాబాద్‌లో ఆ పేరును తిట్టుగా వాడి వాడి, ఒక మంచి ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కడానికి జనం భయపడేలా చేశాం మనమే. చివరికి భార్యను వెంటబెట్టుకుని వెళ్లారు. చికిత్స మొదలై ఏడాది దాటింది. ఇప్పటికీ కొన్ని రాత్రులు ఉలిక్కిపడి లేస్తారు. కానీ నైట్ డ్యూటీ మానేశారు. నాలుగైదు గంటలు నిద్రపోతున్నారు. బీపీ అదుపులోకి వచ్చింది. “ఇన్నేళ్లూ నామీద కోపమనుకున్నాను సార్” అంది ఆయన భార్య.

ఇంట్లో వాళ్లు గమనించాల్సినవి

మీ నాన్న, భర్త, అన్న, మేనమామ... ఎవరైనా సైన్యం, సీఆర్‌పీఎఫ్, పోలీసు ఉద్యోగాల నుంచి వచ్చి ఉంటే వీటిని కనిపెట్టి చూడండి.

• పీడకలలు, నిద్రలో అరవడం, చేతులు విసరడం. పాత సంఘటన కళ్ల ముందే మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం.
• కొన్ని చోట్లను, మాటలను, మనుషులను తప్పించుకు తిరగడం. దీపావళి టపాసులు, పెళ్లిలో డీజే మోత మొదలవగానే లేచి వెళ్లిపోవడం.
• ఎవరితోనూ కలవకపోవడం, పిల్లల మీద కూడా ప్రేమ మొద్దుబారినట్టుండటం. ‘వాళ్లు పోయి నేను మిగిలాను’ అన్న అపరాధ భావం.
• చిన్న చప్పుడుకే ఉలికిపాటు, అయినదానికీ కానిదానికీ కోపం, హోటల్లో కూడా గోడకు ఆనుకుని తలుపు కనిపించేలా కూర్చోవాలని పట్టుబట్టడం.

ఇలాంటి లక్షణాలు పలురకాలు కలిసి నెలకు మించి ఉండి, ఇల్లూ ఉద్యోగమూ దెబ్బతింటుంటే వైద్యుణ్ని కలవాలి.

మద్యం విషయంలో మరింత జాగ్రత్త. ‘రెండు పెగ్గులేస్తే గానీ నిద్ర పట్టదు’ అనేవారు ఎందరో. మద్యంతో కునుకు త్వరగా పట్టినా, తెల్లవారుజామున నిద్ర ముక్కలవుతుంది. పీడకలలు, గురక, బీపీ పెరుగుతాయి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే స్లీప్ అప్నియా పరీక్ష చేయించాలి. బీపీ మాత్రలకు లొంగకపోవడానికి ఇదీ ఒక కారణమే.

చెవులను కూడా పట్టించుకోండి. ఫిరంగి పేలుడు శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. అంత శబ్దానికి లోపలి చెవిలోని సున్నితమైన కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు. ఆయన మీ మాట వినిపించుకోవడం లేదని నొచ్చుకునే ముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయించండి. వినికిడి యంత్రంతో చెవిలో మోత కూడా చాలామందికి కాస్త నెమ్మదిస్తుంది.

ఇంకొకటి, తిండి. సర్వీసులో రోజూ పరుగులు తీసిన ఒంటికి సరిపోయిన భోజనం, కుర్చీ ఉద్యోగంలో ఎక్కువైపోతుంది. రిటైరైన తొలి ఏళ్లలోనే నడుం చుట్టుకొలత, షుగర్ పెరిగిపోతుంటాయి. ఏడాదికోసారైనా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు?

‘ఎంతమందిని చంపారు?’ అని ఎప్పుడూ అడగకండి. మీ పిల్లలు అడగబోతే ఆపండి. ‘యుద్ధం కథ చెప్పండి’ అని పదిమందిలో బలవంతపెట్టడమూ మంచిది కాదు. ‘ఏ రెజిమెంట్? ఎక్కడెక్కడ పనిచేశారు? చలి ఎలా ఉండేది? తెలుగు వాళ్లు ఎంతమంది ఉండేవారు?’ అని అడగండి. చెప్పేది వినండి. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి. సలహాలు తర్వాత ఇవ్వొచ్చు.

పాదాల గురించి జవాన్లు నేర్పేది

మన పిల్లలు కొందరు వారమంతా కుర్చీలో కూర్చుని, ఆదివారం ఒక్కసారిగా ఇరవై కిలోమీటర్లు నడిచేస్తున్నారు. తర్వాత పాదం పైభాగంలో నొప్పితో వస్తున్నారు. దీనికి ‘మార్చ్ ఫ్రాక్చర్’ అని పేరు. అలవాటు లేని దూరాలు కవాతు చేసిన సైనికుల పాదాల్లో ఈ నొప్పి, వాపులను 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ వర్ణించాడు. పాదంలోని సన్నని ఎముక సన్నగా చిట్లుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి ఉంటే నడక ఆపి వైద్యుడికి చూపించాలి.

సుబేదార్ గారు మా బృందానికి నేర్పిన పద్ధతులు వైద్యపరంగానూ సరైనవే. దూరాన్ని వారానికి పదో వంతుకు మించి పెంచొద్దు. గంటకోసారి పది నిమిషాలు ఆగి, బూట్లు విప్పి, పాదాలు ఆరనివ్వాలి. బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు మందాన ఖాళీ ఉండాలి. తడిసిన సాక్సు వెంటనే మార్చాలి. చర్మం మంటపుట్టిన చోట పొక్కు రాకముందే టేపు అంటించాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. వారానికి కనీసం 150 నిమిషాలు ఇలా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు, నడిస్తే ఛాతీలో బిగుతు లేదా ఆయాసం వచ్చేవారు ముందు పరీక్షలు చేయించుకున్నాకే దూర నడకకు దిగాలి.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

• టెలీ మానస్: 14416. ఉచితం. ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనూ మాట్లాడొచ్చు. పేరు చెప్పాలన్న బలవంతం లేదు.
• పింఛను పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003 నుంచి ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. పాలీక్లినిక్‌లో బీపీ, షుగర్‌తో పాటు నిద్ర గురించి కూడా చెప్పండి. మానసిక వైద్యుడికి రిఫర్ చేయమని అడగండి.
• ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ, ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీల్లోనూ చూపించుకోవచ్చు. ఓపీకి వచ్చినవారిలో అధికశాతం అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు.
• పింఛను, ఉపాధి, కాగితాల సమస్యలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం.
• ‘నేను లేకపోతేనే నయం’ వంటి మాటలు వినిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే అందకుండా చేయండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే ఆదివారం మీ కాలనీలోనో, అపార్ట్‌మెంట్‌లోనో ఉన్న మాజీ సైనికుణ్ని నడకకు పిలవండి. మొదటి రెండు మూడు వారాలు ఆయన పెద్దగా మాట్లాడకపోవచ్చు. ఫర్వాలేదు, ఆ తర్వాతి వారం కూడా పిలవండి.